సీలు పెట్టెలో మెత్తటి పిన్ను

1944. యుద్ధం ఇంకా నడుస్తోంది. బస్తర్ సంస్థానంలో, జగదల్‌పూర్ ఊరి చివర, గీదం వెళ్లే రోడ్డు మొదట్లో ఉన్న ఒక పెంకుల షెడ్డులో నేను మోటారు మెకానిక్‌ని. సాలూరు నుంచి జయపురం మీదుగా పని వెతుక్కుంటూ వచ్చి అప్పటికి ఆరేళ్లయింది. ఊళ్లో అందరూ సూరి మేస్త్రీ అనేవారు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. కానీ దాని ముందు పొద్దున్నే వరసగా నిలబడే లారీలు మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి. పెట్రోలుకు రేషన్ ఉండేది కాబట్టి బండి పక్కన నిలువెత్తు ఇనప డ్రమ్ము బిగించి, అందులో కట్టెబొగ్గు రాజేసి, ఆ గ్యాస్‌తో ఇంజన్ నడిపేవారు. గ్యాస్ ప్లాంట్ అనేవాళ్లం. డ్రైవరు చిన్న ఫ్యాను చేత్తో తిప్పుతూ చెమటలు కక్కేవాడు. పావుగంటో అరగంటో అయ్యాక గానీ బండి దగ్గేది కాదు. ఈలోగా ప్రయాణికులు బుట్టలు దించుకుని, సొరబుర్రల్లో తెచ్చుకున్న రాగి జావ తాగుతూ నేల మీద కూర్చునేవారు. హల్బీ, గోండీ, హిందీ, తెలుగు అన్నీ ఒకే గుంపులో వినిపించేవి. ఒక్కో డ్రైవరు ఒకే వాక్యంలో మూడు భాషలు మాట్లాడేవాడు. ఎవరికీ అది వింతగా తోచేది కాదు.

యుద్ధం వల్ల మాకు వచ్చిన అసలు కష్టం పెట్రోలు కాదు, స్పేర్ పార్ట్స్. ఓడలు రావడం లేదు. ఉన్న సరుకంతా సైన్యానికి పోతోంది. అరిగిన సామాను స్థానంలో కొత్తది వెయ్యాలంటే బజారులో ఉన్న ఒకే ఒక్క మోటారు సామాన్ల దుకాణానికి వెళ్లి, దొరికితే అదృష్టం అనుకోవాలి. అలాంటి రోజుల్లో కంపెనీ సీలుతో కొత్త పెట్టె కనిపిస్తే దండం పెట్టాలనిపించేది.

పోచయ్య అలాంటి పెట్టె ఒకటి పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. తర్లగూడ మనిషి. భోపాలపట్నం, జగదల్‌పూర్ మధ్య ప్రయాణికుల లారీ నడిపేవాడు. ఆ దారిలో పల్లెపల్లెకూ అతను తెలుసు. ఎవరికి జ్వరమొచ్చినా మందు తెచ్చేది అతనే. పెళ్లి కబురు మోసేదీ అతనే.

పెట్టెలో ఉన్నవి రెండు కింగ్ పిన్లు. బండి ముందు ఇరుసుకు రెండు చివర్లా నిలువుగా ఉండే ఇనప కడ్డీలివి. ముందు చక్రం ఎడమకో కుడికో తిరిగేది వీటి మీదే. బండి బరువు, రోడ్డు దెబ్బలు అన్నీ ఇవే మోస్తాయి. అందుకే పైభాగం గాజులా గట్టిపడేలా ప్రత్యేకంగా కాల్చి తయారుచేస్తారు. పిన్ను గట్టిదా కాదా చూడడానికి ఒక తేలిక మార్గం ఉంది. పిన్ను చివర అంచు మీద ఆకురాయి ఆనించి తోయాలి. గట్టి పిన్ను మీద ఆకురాయి పట్టు దొరక్క జర్రున జారిపోతుంది. మెత్తటి ఇనుమైతే కొరుక్కుని పొడి రాలుస్తుంది. రెండు క్షణాల పని.

ఆ రోజు నేనది చెయ్యలేదు. పెట్టె కంపెనీది. పోచయ్య తొందరలో ఉన్నాడు. బయట జనం ఎదురుచూస్తున్నారు. పిన్లు బిగించి, గ్రీజు కొట్టి పంపించేశాను.

నెల తిరిగేసరికి పోచయ్య నడిచి వచ్చాడు. ఎడమ చెయ్యి వెదురు బద్దలతో కట్టి మెడకు వేలాడుతోంది. షెడ్డు గుమ్మంలో నిలబడి నన్నే చూశాడు.

"ఏంది మేస్త్రీ, గిదేనా నువ్వు జేసిన పని?"

"ఏమైంది పోచయ్యా?"

"గీదం ఇవతల దిగుడుల ఎడమ చక్రం పక్కకు ఒరిగి పడ్డది. బండి నిండ మనుషులున్నరు. ఇప్పచెట్టుకు తగిలి ఆగింది గని, లేకుంటే వాగుల పడుతుండె. ఒక ముసలామె కాలు ఇరిగింది. నా చెయ్యి ఇరిగితే ఇరిగింది, ఆమె ఏం జేసింది చెప్పు?"

అతను మడతపెట్టిన గుడ్డ విప్పి విరిగిన పిన్ను ముక్క నా చేతిలో పెట్టాడు. బుష్ అనే గొట్టంలో తిరిగే చోట అరిగి కోలగా అయిపోయి ఉంది. గట్టి పిన్ను నెల రోజుల్లో అలా అరగదు. ఆకురాయి తీసి అంచు మీద తోశాను. అది వెన్నలో దిగినట్టు దిగింది. రాలిన ఇనప పొడి నా బొటనవేలికి అంటుకుంది.

"మామూలు ఇనుము పోచయ్యా. గట్టిపరచలేదు. నకిలీది."

"పెట్టె మీద సీలున్నది గద?"

"ఉంది. అది చూసే నేనూ మోసపోయాను."

"నాకు జదువు రాదు మేస్త్రీ. నీకు పని వొచ్చు అని నీకాడికి తెచ్చిన." అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను తిన్నగా దుకాణానికి వెళ్లాను. దుకాణదారు అలాంటివే ఇంకో రెండు పెట్టెలు తీసి ముందు పెట్టాడు. ఒకటి విప్పాను. అసలు పిన్నుకు నూనె పట్టించిన మైనపు కాగితం చుట్టి ఉంటుంది. దీనికి మామూలు కాగితం చుట్టి ఉంది. సీలు చీటీ కొత్తది, పెట్టె పాతది. మూత లోపలి వైపు తిప్పి చూశాను. పెన్సిలుతో 'ఎడమ' అని తెలుగులో రాసి ఉంది. ఆ రాత నాదే. ఏ పక్కకు ఏ పిన్నో మర్చిపోకుండా ఎప్పుడో రాసుకున్నది. పని అయ్యాక ఖాళీ పెట్టెలు షెడ్డు వెనక విసిరేసేవాళ్లం. పాత కాగితాలు ఏరుకునేవాళ్లు పట్టుకుపోయేవారు. అవే ఇక్కడికి వచ్చి మళ్లీ నిండాయి.

పిన్ను చేతిలోకి తీసుకున్నాక ఇంకొకటి కనిపించింది. పిన్ను కదలకుండా తాళం వేసే చిన్న గాడి అంచున మూడు సన్నని గీతలు, పదును చావడానికి ఆకురాయితో తీసినవి. అలా మూడు గీతలు తీసే చెయ్యి ఆ ఊళ్లో ఒక్కటే. నాకు ఆకురాయి పట్టుకోవడం నేర్పిన చెయ్యి.

అప్పలస్వామి బాబాయ్‌ది విజయనగరం వైపు ఊరు. జగదల్‌పూర్‌కు మా అందరికంటే ముందు వచ్చిన లేత్ పనివాడు. లేత్ అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం. ఆయిల్ ఇంజన్‌తో నడిచే ఆ లేత్ ముందు నిలబడి, బాబాయ్ చెవితో విని కొలత చెప్పేవాడు. నేను కొత్తగా వచ్చినప్పుడు ఏడాదిపాటు వాళ్లింట్లోనే తిన్నాను, పడుకున్నాను.

పిన్ను తీసుకెళ్లి లేత్ బల్ల మీద పెట్టాను. బాబాయ్ ఇంజన్ ఆపాడు.

"ఇది నీ చేతి పనేనా బాబాయ్?"

"నాదే. ఏటయ్యిందిరా?"

చెప్పాను. వింటూ పిన్నును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"నాను మెత్తగానే ఇచ్చినాను. మంచి ఉక్కు లేదు, దీన్ని బొగ్గులో కాల్చి గట్టిసెయ్యాల, లేపోతే బండికి పనికిరాదు అని దుకాణమోడికి సెప్పే ఇచ్చినాను. రాయపూరు పంపించి సేయిస్తానన్నాడు."

"చేయించాడో లేదో నువ్వు అడగలేదా?"

బాబాయ్ గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఊళ్లో అమ్ముతున్నాడని తెలిసింది. అడుగుదామనుకున్నాను. అడిగితే పని మానిపిస్తాడేమోనని... అడగలేదురా సూరీ."

మర్నాడు పొద్దున్నే బాబాయ్ వచ్చి, ఆ ముసలామెను చూడడానికి సంస్థానం ఆస్పత్రికి వెళదాం పద అన్నాడు; పోచయ్య కూడా మాతో వచ్చాడు. ముసలామె వరండాలో చాప మీద పడుకుని ఉంది, కాలికి కట్టు. నన్ను ఎవరో అధికారి అనుకుంది. తన చింతపండు బుట్ట ఎక్కడుందో కనుక్కోమని తన దోర్లీ భాషలో బతిమాలింది. ఎవరూ తియ్యలేదమ్మా, భద్రంగా ఉందని పోచయ్య ఆమె భాషలోనే చెప్పాడు. బాబాయ్ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఎంత పిలిచినా పైకి రాలేదు.

అక్కడి నుంచి ముగ్గురం దుకాణానికి వెళ్లాం. మా షెడ్డులో మాట విన్న డ్రైవర్లు ఇద్దరు కూడా వెంట వచ్చారు.

"అరే మేస్త్రీ, అసలు మాల్ ఎక్కడ దొరుకుతోంది చెప్పు?" అన్నాడు దుకాణదారు. "బండ్లు ఆగిపోతే ఊరంతటికీ నష్టం కదా. ఏదో ఇంతజాం, ఒక ఏర్పాటు చేశాను."

"పెట్టె మీద సీలెందుకేసినావు?" అన్నాడు బాబాయ్. "అప్పలస్వామి సేసిన మెత్తటి పిన్ను అని సెప్పి అమ్మలేపోయావా? ఎవుడైనా కొనేవోడా?"

దుకాణదారు ఉన్న రెండు జతలూ మా ముందుకు తోశాడు. మొత్తం ఆరు జతలు చేయించాడట. పోచయ్యది పోగా ఇంకా మూడు జతలు ఎవరి బండ్లలోనో తిరుగుతున్నాయి. ఎవరికి అమ్మాడో గుర్తు లేదన్నాడు. డ్రైవర్లు తాము రాకుండా మనుషుల్ని పంపి కొనిపించుకునేవారు కాబట్టి అది నిజమే అయ్యుండొచ్చు.

వాటిని ఎలా పట్టుకోవాలన్న ఆలోచన పోచయ్యదే. ఊళ్లోకి వచ్చే ప్రతి లారీ ఊరి బయట నాకా అనే తనిఖీ గేటు దగ్గర ఆగి తీరాలి. అక్కడి సిపాయి పోచయ్యకు ఎరిగినవాడు. మేం జాకీ, ఆకురాయి పట్టుకుని మూడు రోజులు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నాకా దగ్గరే ఉన్నాం. జాకీ మీద ముందు చక్రం లేపి, పై మూత విప్పి, పిన్ను అంచు గీకి చూడడం. డ్రైవర్లు ఒప్పుకునేవారు కాదు. సంతకు ఆలస్యమవుతోందని ఒకరు, నా బండిని అనుమానిస్తావా అని ఇంకొకరు. అప్పుడు పోచయ్య కట్టు కట్టిన చెయ్యి చూపించేవాడు.

"గిది జూడు తమ్మీ. నేను గూడ గట్లనే తొందరపడ్డ. జర ఆగు, సూడనియ్యి."

ఆ చెయ్యి చూశాక ఎవరూ కాదనలేదు.

మొదటి రోజే రెండు జతలు దొరికాయి. మూడోది దొరకలేదు. జగర్గుండా సంతకు వెళ్లిన లారీ ఒకటి ఇంకా తిరిగి రాలేదని రెండో రోజు తెలిసింది. ఆ దారి దిగుళ్లు, వాగులు నాకు తెలుసు. మూడో రోజు మధ్యాహ్నం దుమ్ము లేపుకుంటూ ఆ లారీ వచ్చింది. ఇప్పపువ్వు బస్తాలు, వాటి మీద జనం, జనం మీద కోళ్ల గంపలు. చక్రం లేపి విప్పితే పిన్ను మధ్యలో వెంట్రుకంత చీలిక. ఇంకో దిగుడు వచ్చి ఉంటే ఏమయ్యేదో. ఆ డ్రైవరు పిన్ను చూసి నేల మీద కూలబడ్డాడు. పోచయ్య అతని పక్కనే కూర్చుని బీడీ వెలిగించి ఇచ్చాడు. ఆ దృశ్యం నేనెప్పుడూ మర్చిపోలేదు.

ఆ మూడు రోజులూ బాబాయ్ ఊరికే లేడు. లారీల పాత ఇరుసుల ఉక్కు సంపాదించి కొత్త పిన్లు చెక్కాడు. ఇనప పెట్టెలో కట్టెబొగ్గు, కాల్చిన ఎముకల పొడి నింపి, మధ్యలో పిన్లు పెట్టి, సందుల్లో మట్టి మెత్తి, కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. దీన్నే కేస్ హార్డెనింగ్ అంటారు. ఇనుము లోపల విరగకుండా సాగే గుణంతో ఉండి, పైన మాత్రం గట్టిపడుతుంది. ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్ది కొలత సరిచేశాడు. చివరికి ఒక్కో పిన్ను తలమీద ఉలితో 'అ' అక్షరం కొట్టాడు.

"ఇదెందుకు బాబాయ్?"

"ఇరిగితే ఎవుడి కాడికి రావాలో తెలవాల కదరా."

పోచయ్య బండికీ, దొరికిన మూడు బండ్లకూ ఆ పిన్లే వేశాం. ఎండాకాలమంతా తిరిగినా వాటి మీద ఆకురాయి గీత పడలేదు. డ్రైవర్లు 'అ పిన్ను కావాలి' అని అడగడం మొదలుపెట్టారు. ఆ దుకాణదారు కూడా కొన్నాళ్లకు వచ్చి, పెట్టె లేకుండా, బాబాయ్ పేరు చెప్పే అమ్ముకుంటానన్నాడు. బాబాయ్ ఒప్పుకున్నాడు. ముసలామె కోలుకుంది గానీ కాలు కొంచెం ఈడ్చేది. పోచయ్య ఆమెను లారీలో ఎప్పుడూ తన పక్క సీట్లోనే కూర్చోబెట్టేవాడు.

యుద్ధం ముగిశాక ఒకరోజు ధమ్తరీ వైపు నుంచి వచ్చిన డ్రైవరు ఒక పిన్ను ఇచ్చి బిగించమన్నాడు. తలమీద 'అ' ఉంది. గాడి అంచున మూడు గీతలు మాత్రం లేవు. ఆకురాయి పెడితే కొరికింది. దాన్ని బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. కళ్లజోడు పైకి తోసి చూసి, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఒరే సూరీ, నాను కూడా కంపినీ అయిపోనాన్రా!"

తర్వాత నవ్వు ఆపి, "ఇలాటియి ఇంకెన్ని ఎల్లాయో, ఎవుడెవుడు ఏసుకున్నాడో ముందది కనుక్కో" అన్నాడు.

బాబాయ్, పోచయ్య ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఈ పని నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేవి కొన్ని ఉన్నాయి. ఖాళీ పెట్టెలు చింపి పారెయ్యండి. లోపలి కాగితం చూడండి, సీలు చీటీ మీద అక్షరాల అంచులు చూడండి, గీకి చూడండి. కానీ ఇవన్నీ ఆ ఏడాదికి ముందే నాకు తెలుసు. నకిలీ సామాను గుర్తుపట్టడం రాక నేను మోసపోలేదు. వచ్చి కూడా, ఆ ఒక్క రోజు చూడలేదు. ఆ తర్వాత ఎంత నమ్మకమైనవాళ్లు తెచ్చిన సామానైనా చూడకుండా బిగించలేదు. నమ్మవా నన్ను అని నొచ్చుకున్నవాళ్లున్నారు, అలిగి వేరే షెడ్డుకు పోయినవాళ్లూ ఉన్నారు. పోనీ అనుకున్నాను. బండిలో ఎక్కేవాళ్లెవరో సామాను తెచ్చినవాళ్లకూ తెలియదు, బిగించే నాకూ తెలియదు కదా.