ఉరుమన్న ముఖం గురించి నేను రాసిన అబద్ధం

నా సంసారం సుఖంగా ఉంది. ముందు ఈ మాట చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ సుఖంలోనే ఉంది. కష్టాల్లో ఉన్నవాడైతే ఎప్పుడో ఎవరి దగ్గరో చెప్పుకుని ఏడ్చేవాడు. నాకు ఆ వీలు లేదు. పొద్దున్నే నా భార్య మంజుల చాయ్ తెచ్చిస్తుంది, ఏదో అని నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. లోపల ఒక మూల మాత్రం నవ్వదు. నా పేరు చెప్పను. మీరు నన్నెరగరు కాబట్టే మీతో చెబుతున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. మంజుల వాళ్లది మా పక్కిల్లు. హైదరాబాద్ మా వైపు పరిగెత్తుకొస్తున్న రోజులవి. సాగర్ రోడ్డు పొడవునా పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్నారు. మా ఇద్దరికీ నగరంలోనే ఉద్యోగాలు. నాది ఒక చిన్న పత్రికలో, ఇతరుల వాక్యాలు దిద్దే పని. ఆమె ఒక యానిమేషన్ స్టూడియోలో బొమ్మలు గీసేది. సాయంత్రం ఒకే బస్సులో ఇంటికి వచ్చేవాళ్లం. అప్పటికే నేను ఆమెను ప్రేమిస్తున్నాను. ఆమెకు చెప్పలేదు.

వాళ్ల స్టూడియో అప్పుడు టీవీకి ఒక కార్టూన్ సీరియల్ చేస్తోంది. ఉరుమన్న అని ఒక వీరుడు. మబ్బుల్ని చేత్తో పక్కకు తోస్తాడు, పిడుగును ఒడిసి పడతాడు. ఆదివారం పొద్దున వచ్చేది. మా పత్రిక పిల్లల పేజీలో ఇలాంటి వాటి మీద సమీక్షలు రాసే పని డెస్కులో ఎవరికీ అక్కర్లేక నాకు అంటగట్టారు. మారుపేరుతో రాసేవాణ్ని. ఆ పేరు నాదని మంజులకు తెలియదు. ఎప్పుడో మంచి సమయం చూసి చెప్పి ఆశ్చర్యపరచాలనుకున్నాను.

ఒకరోజు బస్సులో చెప్పింది. రాబోయే ఎపిసోడ్‌లో ఒక సీను మొత్తం తనదేనట. అది నచ్చితే కంపెనీ ఆమెను ముంబై ఆఫీసుకు పంపుతుందట. చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. మంచిదే అన్నాను. ఇల్లు చేరేదాకా రోడ్డు పక్క ప్లాట్ల రాళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఆదివారం వాళ్లింట్లోనే చూశాం. ఇరుగుపొరుగు అంతా వచ్చి కింద చాపల మీద కూర్చున్నారు. ఆ ఎపిసోడ్‌లో ఉరుమన్నకు శక్తులు పోతాయి. మామూలు మనిషిలా రోడ్డు పక్కన నిలబడితే బస్సు కూడా ఆగదు. వాన మొదలవుతుంది. నిన్నటిదాకా తన మాట విన్న మబ్బు వైపు అతను తలెత్తి చూస్తాడు. మాటల్లేవు, సంగీతం లేదు. ముఖం ఒక్కటే. అవమానం, తర్వాత ఒక చిన్న నవ్వు, తడవడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలుసుకున్నవాడి నవ్వు. అది మంజుల గీసిన సీను. గదిలో ఎవరూ కదల్లేదు. మంజుల టీవీ చూడలేదు, మా ముఖాలే చూస్తూ కూర్చుంది. వాళ్ల బాపు తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు. నేను చొక్కా చేతితో ఒత్తుకున్నాను.

మర్నాడు ఆఫీసులో కూర్చుని రాశాను. కథ బాగుందన్నాను. పాట బాగుందన్నాను. వాన సీను దగ్గరికొచ్చి, ఇక్కడ ఉరుమన్న ముఖంలో ప్రాణం లేదనీ, గీసినవారు బతికున్న మనిషి ముఖాన్ని ఎన్నడూ నిదానంగా చూసినట్టు లేదనీ రాశాను. ఎందుకు ఆ సీనునే ఎంచుకున్నాను? ఆ ఎపిసోడ్ మొత్తంలో గొప్పది అదే కాబట్టి. ఇంకేది బాగాలేదన్నా ఆమెకు తగలదు.

ప్రేమ వల్ల రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆమె వెళ్లిపోతుందన్న భయం నిజమే. కానీ భయం ఒక్కటేనా? పొద్దంతా ఇతరుల తప్పులు దిద్దే నాకు, ఒక గది నిండా మనుషుల్ని నిశ్శబ్దం చేయగలిగిన ఆ చేతిని చూసి ఏమీ అనిపించలేదా? అనిపించింది. ఆ రెండూ కలిసే నా చేత రాయించాయి. ఏది ఎంత అని ఇప్పటికీ విడదీయలేను.

పేపరు వచ్చిన రోజు సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చుంది. ఆ పేజీ మడిచి చేతిలో పట్టుకుంది. మన్నెగూడ దాటాక అడిగింది.

"మీ పేపర్ల గిది ఎవరు రాస్తరు? నీకు ఎర్కనా?"

"ఎర్క లేదు. డెస్కుల పెద్దోళ్లు ఎవరో."

"మస్తు చూసినోడే ఉంటడు. ఊకెనే రాస్తడా." నా వైపు తిరిగింది. "ఆయన సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చూసినవ్ గద. నువ్వు చెప్పు. గట్లనే ఉన్నదా?"

అప్పుడైనా కాదనవచ్చు. ఆమె నన్నడిగింది, పేపర్ని కాదు. నేను కిటికీ బయటికి చూశాను.

"అవ్. జర గట్లనే అనిపిచ్చింది నాకు."

"మంచిగైంది చెప్పినవ్," అంది. "ఇంట్లోల్లు ఎవ్వరు చెప్పరు."

స్టూడియోలో ఎవరూ ఆ సమీక్షను పట్టించుకోలేదని తర్వాత తెలిసింది. ముంబైకి వెళ్లమని మేనేజరు మళ్లీ మళ్లీ అడిగాడట. ఈమే వద్దంది, ఇంకొకరి పేరు చెప్పింది. అంటే ఆమెను ఆపింది అచ్చులో పడ్డ నా వాక్యం కాదు, నోటితో అన్న ఆ ఒక్క "అవ్". అచ్చయినదాన్ని ఆమె మరిచిపోయి ఉండేది. నన్ను నమ్మింది.

కొన్నాళ్లకు ఆ ఉద్యోగం మానేసింది. ప్లాట్లు అమ్మే వెంచర్ల వాళ్ల బ్రోచర్లకు, ఇంకా మొలవని చెట్లు, ఇంకా కట్టని ఇళ్లు గీసిచ్చింది. తర్వాత మా పెళ్లయింది. ఇప్పుడు ముందు గదిలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతుంది. ఆ గదిలో ఎప్పుడూ గోల, నవ్వులు. మాకొక కూతురు. మంజుల సంతోషంగానే ఉంది, అది నటన కాదు, ఇన్నేళ్లు పక్కనుండి చూసినవాణ్ని. ఆ సంతోషాన్ని సాకుగా చూపించే ఇన్నాళ్లూ నన్ను నేను క్షమించుకుంటూ వచ్చాను. ఏమైంది, బాగానే ఉంది కదా అని. బాగుండటం ఆమె గొప్పతనం. దాన్ని నా ఖాతాలో ఎలా వేసుకోను?

మొన్న మా పాప టీవీలో ఏదో కార్టూన్ చూస్తూ, అమ్మా, నువ్వు ఇసొంటివి చేసినవంట గద, ఎందుకు ఇడిసిపెట్టినవ్ అని అడిగింది. మంజుల బట్టలు మడుస్తోంది. చెయ్యి ఆపకుండానే, ఏ బాధా లేకుండా అంది: "నాకు ముఖాలు గీసుడు రాలే బిడ్డా."

నా వాక్యం అది. నేను కల్పించింది. దాన్ని ఆమె తన గురించిన నిజంలా దాచుకుని, నా ఎదురుగానే నా బిడ్డ చేతిలో పెట్టింది. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అప్పుడూ నోరు విప్పలేదు.

ఆమెకు చెబుతానా? చెబితే అది ఆమె కోసమా, నా కోసమా? తెలియదు. మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడం మీ చేతిలో లేదు. ఒక్కసారైనా ఒకచోట నిజం రాసి ఉండాలనిపించింది.

మంజుల గీసిన ఆ ముఖంలో ప్రాణం ఉంది. లేదని రాసింది నేను. ఆమె అడిగినప్పుడు అవునన్నదీ నేనే. ఇంత చిన్న మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.