కొండ దిగే బండికి పెద్ద డిస్కు

ఈక మేస్త్రి బరువు యాభై కిలోలు, అదీ జేబులో రెండు పానాలు పెట్టుకుంటే. సైకిళ్లు బాగుచేయడంలో మాత్రం ముప్పై ఏళ్ల పేరున్న మనిషి. బ్రేకు ఎవరిదైనా సరే, కొట్టు వెనక ఏటవాలు వీధిలో తానే తొక్కి చూసి, "బాగుంది" అన్నాకే బండి ఇచ్చేవాడు. ఆయన బాగుందన్నాక కాదన్నవాళ్లు లేరు. దాంతో ఆయనకు కాస్త పొగరు కూడా ఉండేది.

టవరాయన కాదన్నాడు. కొండమీది రేడియో టవరు చూసుకునే ఉద్యోగి. మనిషి నూటపది కిలోలు, మాట మాత్రం మెత్తన. రోజూ పని ముగిశాక రాళ్లదారిలో మౌంటెన్ బైకు మీద కిందికి దిగుతాడు.

"సగం దారికే ముందు బ్రేకు పట్టు వదిలేస్తోందండీ," అన్నాడు.

మేస్త్రి తొక్కి చూశాడు. నొక్కిన చోటే ఆగింది. "బండికేం రోగం లేదు బాబూ. భయంకొద్దీ నువ్వే దారంతా బ్రేకు నొక్కి పట్టుకుంటున్నావు."

వారానికి మళ్లీ వచ్చాడు. మేస్త్రి ప్యాడ్లు మార్చాడు, తొక్కాడు, పాత మాటే చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మూడోసారి టవరాయన వచ్చింది రిపేరుకు కాదు.

"దీన్ని అమ్మిపెట్టండి. పోయిన వారం మలుపులో ఆగక పొదల్లో పడ్డాను. ఇప్పుడు నడిపించుకుంటూ దిగుతున్నా. ఇల్లు చేరేసరికి పాప నిద్రపోతోంది. పొద్దున అది లేచేసరికి నేను వెళ్లిపోతున్నా. వారమైంది దాంతో మాట్లాడి."

ట్యూబుకు పంక్చరు వేస్తున్న మేస్త్రి భార్య తల ఎత్తకుండానే అంది: "ఆ తమ్ముడి బరువెంత, మీ బరువెంత? మీరెక్కితే ఎక్కినట్టు బండికైనా తెలుస్తుందా?"

మేస్త్రికి ఒళ్లు మండింది. బండి వీధి పైకి తీసుకెళ్తే ఆవిడా వెనకే వెళ్లి, ముందు కడ్డీ మీద దర్జాగా కూర్చుంది. మొదటిసారి దిగినప్పుడు ఆగింది. రెండోసారి ఆలస్యంగా ఆగింది. మూడోసారి మాడు వాసన వచ్చింది, బ్రేకు పట్టలేదు, ఆలుమగలిద్దరూ పోయి లాండ్రీ ముందున్న బట్టల మూటల్లో పడ్డారు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. మేస్త్రి నవ్వలేదు. కొండమీది మలుపు పక్కన బట్టల మూటలుండవని ఆయనకు తెలుసు.

"తప్పు నాదే బాబూ," అన్నాడు తిరిగొచ్చి. "నా బరువుకు ఆగితే అందరికీ ఆగుతుందనుకున్నా. ముందు చక్రానికి బ్రేకు పట్టే డిస్కు నూటఅరవై మిల్లీమీటర్లది. నీకు చిన్నది. ఊరికే వేడెక్కి పట్టు వదిలేస్తోంది."

"అయితే అన్నిటికన్నా పెద్దదే వేసేయండి. రెండొందల మూడు ఉందటగా."

మేస్త్రి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మీది బురద తుడిచి, లోపలివైపు ఉన్న సన్నటి అక్షరాలు చదివాడు. "దీన్ని చేసినవాడు నూటఎనభై దాకే ఒప్పుకున్నాడు. అంతకు మించితే బ్రేకు బాగానే పడుతుంది, ఫోర్కే విరుగుతుంది. నూటఎనభై వేస్తా. బ్రేకును కాస్త పైకి జరపడానికి అడాప్టరు పెడతా. నువ్వు కూడా నొక్కి పట్టుకోకుండా, నొక్కి వదులుతూ దిగు."

"చాలుతుందంటారా?"

మేస్త్రి పానా అందుకున్నాడు. "అది నేను చెప్పలేను. నువ్వే చెప్పాలి."

మర్నాడు సాయంత్రం కొట్టు భార్యకు అప్పగించి, కొండ కింద ఓ రాయి మీద కూర్చున్నాడు. ఎండ ఇంకా తగ్గకముందే పైనుంచి గులకరాళ్ల చప్పుడు వినిపించింది. టవరాయన ఆఖరి మలుపు తిరిగి, సరిగ్గా ఆయన ముందుకొచ్చి కాలు కింద పెట్టాడు.

"ఎలా ఉంది?" అనడిగాడు మేస్త్రి.

"రేపొచ్చి చెప్తానండీ," అన్నాడు టవరాయన, అప్పుడే పెడలు మీద కాలు వేస్తూ. "పాప ఇంకా ఆడుకుంటూనే ఉంటుంది."