ఎవరు, ఎవరితో అన్నారు?

నేను ప్రొద్దుటూరులో తెలుగు టీచర్ని. మా పరీక్షల్లో ఒక ప్రశ్న ఎప్పుడూ తప్పదు. పాఠంలోని ఒక వాక్యం ఇచ్చి, దాన్ని ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో రాయమంటాం. పిల్లలు "ఎవరు" సరిగానే రాస్తారు, "ఎవరితో" దగ్గర బోల్తా పడతారు. ఆ ప్రశ్న అసలు విలువ నాకు తెలిసింది మాత్రం బడిలో కాదు. పెద్దముడియం దగ్గర మా ఊళ్లో, శనగచేలో, బడి మొహం చూడని మా అమ్మ దగ్గర.

మా ఊళ్లో క్రిస్మస్ పోయి నెల తిరిగితే శనగ కోతలు. కోత మిషన్ దాటిపోయాక నల్లరేగడిలో రాలిన కాయలు మిగులుతాయి. అవి ఏరుకోవడమే పరిగె. చేను లేని ఆడవాళ్లు పరిగెకు పోతారు, ఎవరు ఏరుకున్నది వాళ్లది. మా వీధిలో పది ఇళ్లకు ఏడాదంతా పప్పు అక్కడినుంచే రావాలి. మా అమ్మ క్రిస్మస్‌కు చేసే ఓళిగలు కూడా ఆ పప్పువే. నేను ప్రొద్దుటూరు నుంచి మంచి పప్పు తీసుకుపోతే, "అంగడి పప్పు ఉడకదు" అని పక్కన పెట్టేది. ఎందుకు ఉడకదో దేవుడికే తెలియాలి.

ఊళ్లో పెద్ద శనగచేను మా సంఘపెద్దది. చెడ్డ మనిషి కాదు. చర్చికి రేకులు వేయించింది ఆయనే, ఆ సంగతి ఎవరినీ మర్చిపోనిచ్చేవాడూ కాదు. మూడేళ్ల కిందట ఆయన గట్టు మీద నిలబడి పరిగెకొచ్చిన ఆడవాళ్లను, మా అమ్మతో సహా, ఆపేశాడు. కోయని చేలో కూడా చేతులు పెడుతున్నారని ఆయన అనుమానం.

"పరిగె లేదు గిరిగె లేదు, పోండి. నేను చెప్పేది గాదు, బైబిల్లోనే రాసిండాది, పరిగె ఏరుకోగూడదని!" అన్నాడట.

ఆయన చదువుకున్నవాడు, వీళ్లు వేలిముద్రలవాళ్లు. నమ్మి వెనక్కి వచ్చేశారు.

ఆ శనివారం నేను బస్సు దిగి ఇంటికి పోయేసరికి గూట్లో బైబిలు గోడవైపు తిప్పి ఉంది. మా అమ్మ దేవుడితో మాటలు మానేసింది. మా నాన్న పోయినప్పుడు కూడా ఆమె దేవుడి మీద అలగలేదు.

"మనిషి అంటే సరేలే పాపా. ఆయన గూడా అనల్లనా? పశువుల పాకలో పుట్టినోనికి మన బాధ తెలీదా?" అంటూ ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది, ముందు సంఘపెద్ద మీద, తర్వాత ఎందుకో దేవుడి మీద కూడా.

బైబిలు తెరిచి వెతికాను. లేవీయకాండంలో, పందొమ్మిదో అధ్యాయంలో దొరికింది. ఏరుకోకూడదనే ఉంది. కానీ తెలుగు టీచర్ని కదా, పై వాక్యం, కింది వాక్యం చూడకుండా మార్కులు వెయ్యను. పైన, మీ పొలం కోసేటప్పుడు అంచులదాకా కోసేయొద్దని ఉంది. కింద, రాలినవి పేదలకూ పరదేశులకూ వదిలిపెట్టమని ఉంది. అంటే ఏరుకోవద్దన్నది చేనున్నవాడిని! మా సంఘపెద్ద తనకొచ్చిన ఉత్తరాన్ని మా అమ్మకు చదివి వినిపించి పోయాడు.

మా అమ్మ మూడుసార్లు చదివించుకుంది.

"అయితే ఇది ఎవురితో అన్న మాట?"

"చేను కోసేవాళ్లతో."

"మనతో గాదా?"

"కాదమ్మా."

ఆమె బైబిలు అట్టను కొంగుతో తుడిచింది. "తప్పైపాయ నాయనా, సగం విని అలిగినా" అని దేవుడితో రాజీపడింది. తర్వాత నా వైపు తిరిగి, "రేపు ఆయప్పతోనే సదివించల్ల" అంది.

మర్నాడు చర్చిలో కోత పండుగ. జమ్మలమడుగు నుంచి బండి మీద వచ్చే పాస్టరయ్యకు, ఎవరు ఏ భాగం చదవాలో చీటీలు రాసిచ్చే పని నాది. మొదటి చీటీ ఎప్పుడూ సంఘపెద్దకే. నిజం ఒప్పుకుంటాను, నాకు భయం వేసింది. ఊరన్నాక గొడవ ఎందుకని, ఎవరినీ నొప్పించని ఒక కీర్తన నంబరు రాసిపెట్టాను. మా అమ్మకు అక్షరాలు రావు కానీ బస్సుల పుణ్యమా అని అంకెలు వచ్చు. చీటీ లాక్కుని చూసింది.

"పందొమ్మిది యాడుండాది దీంట్లో?"

పిల్లి మెడలో గంట కట్టాల్సింది చివరికి నేనే. చీటీ తిరగరాశాను.

చర్చి నిండా గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. సంఘపెద్ద కళ్లద్దాలు పెట్టుకుని ఖంగుమని చదివాడు. పరిగె మాట రాగానే ఆయన మొహం వెలిగిపోయింది. అక్కడే ఆపి, ఆడవాళ్ల చాప వైపు ఒకసారి చూసి, పుస్తకం మూయబోయాడు.

మా అమ్మ లేచి నిలబడింది. "కిందిది గూడా సదవప్పా."

ఆయన చదివాడు. పేదల దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నబడింది, పరదేశుల దగ్గర దాదాపు వినబడలేదు. పాస్టరయ్య తల పైకెత్తి రేకులు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు. ఒక కోడి మాత్రం గట్టిగా అరిచింది.

"ఇప్పుడు చెప్పప్పా, ఏరుకోగూడదని దేవుడు ఎవురితో అన్నాడు?"

ఆయన మళ్లీ పుస్తకంలోకి చూశాడు. "నాతోనే లేమ్మా" అన్నాడు చివరికి. "రేపు రాండి. కోయని కయ్యలో మాత్రం చెయ్యి పెట్టగాకండి."

"దొంగతనం చేయొద్దని గూడా ఆ కిందనే ఉండాదంట గదప్పా. అది మాకే, ఒప్పుకుంటాండాం" అంది మా అమ్మ. చర్చి చర్చంతా నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం బడికి సెలవు పెట్టి నేనూ వాళ్ల వెంట పోయాను. మా పక్కవీధి ముస్లిం ఆమె గట్టు మీదే నిలబడిపోయింది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. జీతం సరిగా రావడం లేదని ఊరందరికీ తెలుసు.

"మేము మీ సంఘం గాదు గదా పిన్నమ్మా" అంది.

"పరదేశులకని రాసిండాది. మీ ఆయన ఆడ కువైట్‌లో పరదేశే గదా? ఆ లెక్కన నీకే ముందు హక్కుండాది, దిగు" అంది మా అమ్మ. ఆమె నవ్వుతూ దిగింది.

నాకూ హుషారు పుట్టింది. చిన్నప్పటి అలవాటు చేతులు మర్చిపోలేదు. గంటలో కొంగు నిండా ఏరి మూట కట్టాను. మా అమ్మ వచ్చి ఆ మూటను ఎగాదిగా చూసింది. ముడి విప్పి, కాయలన్నీ నేలమీద కుమ్మరించింది.

"ఏందమ్మా ఇది!"

"నీకు నెలనెలా జీతమొస్తాందా, లేదా?"

"వస్తాంది."

"అంటే నువ్వూ చేను కోసుకుంటాండావు. మల్ల చెప్పు టీచరమ్మా, ఏరుకోగూడదని ఎవురితో అన్నాడు?"

ఆడవాళ్లంతా నడుములెత్తి నా జవాబు కోసం చూస్తున్నారు.

"నాతో" అన్నాను.

కువైట్ డ్రైవరు భార్య వచ్చి నా ముందు వంగి ఆ కాయలు ఏరుకోసాగింది. నా చెప్పు కింద కూడా కొన్ని ఉన్నాయి. కాలు తీశాను.