పాతదానికి చెప్పకుండా పెట్టిన ఫైర్‌వాల్

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగాను. మా నాన్న గనిలో ఎలక్ట్రీషియన్. కరెంటు కనపడకపోయినా ముట్టుకుంటే తెలుస్తుంది, దయ్యానికి ఆ గుణమూ లేదు అనేవాడు. నాకూ అదే మాట. సుక్మాలో ఆ ఫైర్‌వాల్ బిగించేదాకా.

అదొక చిన్న స్కాన్ సెంటర్. డాక్టరమ్మ ఇక్కడ స్కాన్ తీస్తే, జగ్దల్‌పూర్‌లో ఉన్న పెద్ద డాక్టరు ఇంటర్నెట్‌లో తెరిచి చూసి సంగతి చెబుతాడు. ఆయన బయటి నుంచి వస్తే లోపల ఏ కంప్యూటర్ దగ్గరికి పంపాలో ఇంటర్నెట్ దారిలో కాపలా కాసే ఫైర్‌వాల్‌కు తెలియాలి. మా టౌన్‌షిప్ గేటు వాచ్‌మన్ పనే అది. బయటివాళ్లకు గేటొక్కటే తెలుసు, క్వార్టర్ నంబర్లన్నీ వాచ్‌మన్ పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకాన్ని మేం నాట్ అంటాం. రాసేది నాలాంటి నెట్‌వర్క్ పనివాళ్లు.

ఆ పొద్దున ఫైర్‌వాలూ, స్కాన్లు దాచే కంప్యూటరూ రెండూ మార్చాను. పాత కంప్యూటర్ లోపలి సామానంతా పీకేసి, ఖాళీ డబ్బా మెట్ల కింద పడేశాను. అక్కడ ఊడుస్తున్న ఆయా ముత్తక్క చీపురు ఆపి నన్నే చూసింది.

“ఏంది సారూ, పాతదానికి చెప్పకుండనే కొత్తది పెడ్తవా? మేం కొత్త చిక్కుడుకాయ గూడ సచ్చిపోయిన పెద్దలకు పెట్టకుండ నోట్ల పెట్టం.”

నేను పగలబడి నవ్వాను. పాత నాట్ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు కొత్త ఫైర్‌వాల్‌లోకి ఎక్కించి, టీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి జగర్గుండా వైపు నుంచి జీపులో ఒక నిండు గర్భిణిని తెచ్చారు. రక్తం పోతోంది. కడుపులో మాయ కిందికి దిగి బిడ్డ దారికి అడ్డంగా ఉందేమోనని డాక్టరమ్మ అనుమానం. అదే నిజమైతే ఇక్కడ కాన్పు చేస్తే తల్లీ బిడ్డా దక్కరు. స్కాన్ తీసి పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వెంటనే తెరిచి చూశాడు. అనుమానం నిజమే, ఆపరేషన్ చేయాలి, క్షణం ఆలస్యం చేయకుండా జగ్దల్‌పూర్ పంపెయ్యమన్నాడు. అంబులెన్స్ కదిలింది. సాయంత్రానికి ఇద్దరూ క్షేమమని కబురొచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు తీరిగ్గా నాట్ పుస్తకం తెరిచాను. ఫైర్‌వాల్ పెద్ద డాక్టరును పంపుతున్నది పాత కంప్యూటర్ చిరునామాకు! కొత్తదానికి వేరే చిరునామా ఇచ్చాను, పుస్తకంలో మార్చడం మరిచిపోయాను. ఛీ, ఇంత మతిమరుపా! మరి ఆ పొద్దున తీసిన స్కాన్ ఆయనకు ఎక్కడ దొరికింది?

అదే చిరునామా ఇంకే యంత్రానికైనా ఉందేమోనని కేబుళ్లన్నీ ఒక్కొక్కటే పీకి చూశాను. ఒక్కదానికీ లేదు. ఆ చిరునామా ఉన్న పాతదేమో మెట్ల కింద ఖాళీ డబ్బాగా పడి ఉంది. పోనీలే అని చిరునామా సరిచేశాను. పది నిమిషాల్లో పెద్ద డాక్టరు ఫోన్.

“అరే భాయ్, ఏం చేశావ్? ఏదీ తెరుచుకోవడం లేదు!”

తప్పు చిరునామానే మళ్లీ పెట్టాను. తెరుచుకుంది. నాకంటే ఎక్కువ తెలిసిన ఇద్దరికి చూపించాను. ఇద్దరూ తల గోక్కున్నారు. “పనిచేస్తోంది కదా బాబూ, దాని జోలికి పోకు,” అంది డాక్టరమ్మ.

రెండు నెలల తర్వాత ఆ తల్లి బిడ్డనెత్తుకుని వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో కాళ్లు కట్టిన కోడి. ఆమె గోండీలో ఏదో అంది. తన స్కాన్ ఫోటోను జగ్దల్‌పూర్ పంపినవాళ్లకు కోడి ఇస్తానని మొక్కుకుందట, ముత్తక్క చెప్పింది. అందరూ నన్ను చూపించారు. నేను కాదని చెబుదామని నోరు తెరిచాను. కాకపోతే మరెవరని అడిగితే ఏం చెప్పను? బిడ్డ నన్నే గుడ్లప్పగించి చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోతూ చెయ్యి చాచి కోడిని అందుకున్నాను.

ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకున్నాం. బాగానే ఉంది. తిన్నది ఎవరికి చెందాల్సిన కోడినో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.