టవరు వినని కాల్

మా ఆఫీసు ఏలూరులో. మొబైల్ టవర్లలో కరెంటు ఎక్కడ మిగులుతుందో చూడటం నా ఉద్యోగం. కొల్లేరు దగ్గరి టవరుకు ఆ ఏడాది కొత్త రిసీవరు పెట్టాం. అందులో అరవై నాలుగు చిన్న యాంటెనాలు. అన్నీ కలిసి వింటేనే దూరాన చెరువు గట్ల మీది ఫోన్లు అందుతాయి, ఒకేసారి పదిమంది మాట్లాడినా ఎవరి మాట వారిదిగా విడిపోతుంది. కానీ అన్నీ మేలుకుని ఉంటే కరెంటు తెగ తాగుతాయి. అందుకని వాడకం లేని వేళల్లో నాలుగైదు ఉంచి, తక్కినవాటిని నిద్రపుచ్చాలని మా మేనేజరు నిర్ణయించారు.

"తెల్లవారుజామున మాత్రం వద్దండీ. ముసురు పడితే చేపలు పైకి తేలే టైమది" అన్నాను. నీళ్ళలో గాలి చాలక అవి నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. కాపలావాళ్ళు వెంటనే యజమానులకు ఫోన్ చేస్తారు.

"కాల్స్ గ్రాఫులో ఆ టైముకి ఎవరూ లేరండీ. చేపలకి మనం సిమ్ములు ఇవ్వలేదు కదండీ!" అని నవ్వారాయన.

అది ఎండాకాలం గ్రాఫు అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది; ఆ వేళకీ యాంటెనాలను నిద్రపుచ్చారు. ఒళ్ళు మండింది.

మా మేనమామకు అక్కడ కౌలుకు తీసుకున్న చేపల చెరువుంది. ఏడాదంతా ఇల్లు గడవాల్సింది దాని మీదే. అలాంటప్పుడు నీళ్ళలో వేసే ఆక్సిజన్ బిళ్ళలు గట్టు మీద చెమ్మకు పాడవుతాయని ఏలూరులో ఇంట్లోనే ఉంచుకునేవాడు. వానలు మొదలయ్యాక ఒక ముసురు రోజున తెల్లవారుజామున కాపలా మనిషి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. చివరికి బండేసుకుని ఏలూరు వచ్చాడు. ఇద్దరూ బిళ్ళలతో వెళ్ళేసరికి చెరువంతా చేపలు తెల్లగా తేలి ఉన్నాయి.

కబురు తెలిసి, ఆ పొద్దున ఆఫీసులో ఆ టవరు కాల్స్ గ్రాఫు చూశాను. ఆ గంటలో గీత నేలకు అంటుకుని ఉంది. మేనేజరు కూడా చూసి, కరెంటు చాలా బాగా మిగిలిందండీ అన్నారు. నేను సెలవు పెట్టి చెరువుకు వెళ్ళాను.

చచ్చిన బొచ్చె చేపలను ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు. మావయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"మా కాపలావాడు అన్నిసార్లు చేశాడు కదమ్మా, మీ కంప్యూటర్లో పడే ఉంటుంది. అది చూపించి అడుగుదాం" అన్నాడు.

"పడదు మావయ్యా. టవరు విన్నదే అందులో ఉంటుంది."

మావయ్య గట్టు మీంచి లేచాడు.

"అంటే, మేమసలు పిలవనేలేదని ఉంటుందా?"

అలాగే ఉందని చెప్పాను.