దీక్షా శిబిరంలో నా డెమో క్లాసు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీ గేటు తెరిచి ఉందంటే అదే పెద్ద వార్త. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ధర్నా. సరిగ్గా అప్పుడే నేను చైతన్యపురిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం చెప్పడానికి చేరాను. మా ప్రిన్సిపాల్ గారిది కోస్తా. (అటెండరును నమ్మక గంట తానే కొట్టేవారు, అందుకే వెనకాల అందరం ‘బెల్లు సారు’ అనేవాళ్లం.) ఆయనకు ఏ పార్టీ లేదు, సిలబస్సే పార్టీ. నా పాఠం ఒకటి విని ఆయన సరేనంటేనే ఉద్యోగం ఖాయం. లేదంటే మూటాముల్లె సర్దుకుని సొంతూరు నల్గొండకు బస్సెక్కడమే.

తీరా ఆ రోజు వచ్చేసరికి బంద్. నా విద్యార్థులంతా మెయిన్ రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్ష టెంటులో ఉన్నారు. “క్లాసు ఈడనే పెట్టుండ్రి సార్, మేం యాడికి పోతం?” అన్నారు. నాకు ఎక్కడలేని హుషారొచ్చి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి అక్కడికే రమ్మన్నాను! (ఇప్పుడు తలుచుకుంటే నాకే భయమేస్తుంది.)

బస్సుల్లేక ఆయన మూసారాంబాగ్ నుంచి చెమటలు కక్కుతూ నడిచొచ్చి, నీడ కనిపించగానే ముందు వరుసలో కూలబడ్డారు. అది దీక్షకు కూర్చునేవాళ్ల వరుస. ఇంకేముంది, నిర్వాహకుడు పరుగున వచ్చి ఆయన మెడలో దండ వేసి, “జై తెలంగాణ! పెద్దసారు గూడ దీక్షల కూసున్నడు!” అని మైకులో చాటేశాడు. దండ పడ్డవాళ్లు సాయంత్రం నిమ్మరసం తాగేదాకా మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టకూడదు. చుట్టూ ఒకటే చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య దండ తీసే ధైర్యం ఎవరికుంటుంది? ఆయన నా వైపు చూసిన చూపుకి నా ఉద్యోగం అక్కడికక్కడే ఊడిందనుకున్నాను.

ఎటూ పోయిందే కదా అని పాఠం ఎత్తుకున్నాను. ఊరి చివర అల్మాస్‌గూడ చేలు ప్లాట్లయితే, పెరిగిన ధర ఎవరి కష్టం, ఎవరి జేబులోకి పోతోంది అని. చేతిలో మైకు, దారిన పోయేవాళ్లు కూడా ఆగి వింటున్నారు, గంట కొట్టేవాడు లేడు. రెచ్చిపోయాను.

సాయంత్రం నిమ్మరసం గ్లాసు దించి ఆయన నన్ను పిలిచారు. “ఏమయ్యా, పది గంటలకల్లా ఇంటికెళ్లిపోవచ్చని పొద్దుట టిఫిను కూడా చెయ్యకుండా వచ్చాను, తెలుసా?”

“జర మాఫ్ చెయ్యుండ్రి సార్, అది దీక్ష వరుస అని పరేషాన్ల జెప్పలేకపోయిన.”

“క్షమాపణ సంగతి తర్వాత. అల్మాస్‌గూడలో ప్లాటు కొన్నవాణ్ణి నేనేనయ్యా! నన్నే పట్టుకుని అన్నేసి మాటలంటున్నా లేవబుద్ధి కాలేదు. రేపొచ్చి ఆర్డరు పట్టుకెళ్లు.”

తర్వాత నేను ప్రొఫెసర్‌నయ్యాను. పెద్దపెద్ద ఏసీ హాళ్లలో ఉపన్యాసాలిచ్చాను, ఇస్తూనే ఉన్నాను. ఎక్కడైనా సరే, వెనకాల భోజనాల గిన్నెలు చప్పుడైతే చాలు, సగం కుర్చీలు ఖాళీ. పొద్దుటి నుంచి పస్తుండి, తిట్లు తిని కూడా కదలకుండా విన్న శ్రోత ఆ టెంటులోని కుర్ర లెక్చరర్‌కే, అంటే అప్పటి నాకే దొరికాడు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు గర్వమే, కాస్త అసూయ కూడా.