స్విచ్ ఆపి నొక్కమన్న టీచరమ్మ

టీచరమ్మ మంగళవారం పొద్దున చనిపోయారు. ఆ సమయానికి నేను ములకలపల్లి రోడ్డు మీద మా షెడ్డులో ఒక ట్రాక్టరు కింద పడుకుని బోల్టులు విప్పుతున్నాను. చర్చి వాచ్‌మన్ సైకిలు మీద వచ్చాడు. దిగలేదు, ఒక కాలు నేలకు ఆనించి చెప్పాడు.

"నీ టీచరమ్మ పోయిందిరా. చాయ్ తాగి కుర్చీల కూసున్నది కూసున్నట్టే పోయింది. రేపు పది గంటలకు మట్టి. నీ పియానో తీస్కరమ్మన్నరు."

"ఎవరన్నరు?"

"సంఘం పెద్దనే. ఇంకెవరంటరు?"

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏడాదికి పైగా ఆ పియానోను చర్చి గడప దాటనివ్వని మనిషి ఆయనే. ఇప్పుడు షామియానా, కుర్చీలతో పాటు దాన్ని కూడా లెక్కేసుకుని కబురు పెట్టాడు. స్పానరు నేలకేసి కొట్టాను. ఆ తర్వాతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇది చదివేవాళ్లలో ఆమె తెలిసినవాళ్లు కొందరే ఉంటారు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఆమె మా మిషన్ బడిలో రెండో తరగతి టీచరు. ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేవారు. కాళ్లతో తొక్కితే తిత్తి గాలి కొట్టే పాతకాలపు పెట్టె అది. మా ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. నేనూ ఇక్కడ పేరు రాయను.

ఆమెతో నా పరిచయం ఎలుకల వల్ల అయింది. ఎనిమిదేళ్ల కింద ఆర్గన్ తిత్తిని ఎలుకలు కొరికేశాయి. మెకానిక్‌ను కదా అని నన్ను పిలిచారు. ట్రాక్టరు ట్యూబు ముక్క కోసి, గమ్ము పెట్టి అతికించాను. ఏమివ్వమంటావని ఆమె అడిగితే, వాయించడం నేర్పమన్నాను. రిపేరు చేస్తూ చేస్తూనే నేను సొంతంగా ఒక కీర్తన నేర్చుకున్నాను. ఆర్గన్‌లో వేళ్లతో నొక్కే మెట్ల మీద సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని రాసుకుని, వాటి వరస ప్రకారం నొక్కేవాణ్ణి. గర్వంగా వాయించి చూపించాను. ఆమె మొత్తం విన్నారు. తర్వాత కొంగుతో ఆ అంకెలన్నీ తుడిచేశారు.

"ఇప్పుడు వాయించు" అన్నారు.

ఒక్క మెట్టు కూడా దొరకలేదు.

"ఆదివారం సాయంత్రం చర్చికి రా. కిరసనాయిలుతో చేతులు కడుక్కో, మళ్ల సబ్బుతో కడుక్కో. గ్రీజు వాసనొస్తే గేటు కాడికెళ్లే పంపిస్త."

అలా మొదలైంది. ఆమె కళ్లజోడు డబ్బాలో కళ్లజోడు ఎప్పుడూ ఉండదు, గోళ్ల కత్తెర ఉంటుంది. పాఠం మొదలుపెట్టే ముందు గోళ్లు చూస్తారు. పెరిగుంటే తనే కత్తిరిస్తారు, ఇరవై నాలుగేళ్లవాణ్ణయినా సరే. నేను వాయిస్తుంటే పక్కన చేటలో బియ్యం ఏరుతుంటారు. తప్పు పడితే ఏరే చేయి ఆగుతుంది, తల మాత్రం ఎత్తరు. ఆ చేయి ఆగకుండా ఒక కీర్తన దాటించడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. బాగుంటే "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" కోసం ఊరు దాటి సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాణ్ణి.

ఆరేళ్లు గడిచేసరికి రెండు సంగతులు జరిగాయి. ఆమె వేళ్ల కణుపులు వాచి, చిటికెన వేలు వంగడం మానేసింది. ఆర్గన్ కూడా ముసలిదైంది. ఒకచోట అతికిస్తే ఇంకోచోట గాలి పోయేది. సంఘం పెద్దేమో పట్నం నుంచి కీబోర్డు అబ్బాయిని పిలిపిద్దామని మొదలుపెట్టాడు. పండగకు తెప్పించాడు కూడా. ఆ అబ్బాయి ఒక బటన్ నొక్కితే డ్రమ్ములు మోగాయి. పాడేవాళ్లు ఏ చరణంలో ఉన్నారో వాళ్లకే తెలియలేదు.

ఆ మర్నాడు టీచరమ్మ నాతో సూటిగా అన్నారు. "నాకింక ఏడాదో, రెండేండ్లో వేళ్లు పనిచేస్తయి. గంతట్ల నువ్వు తయారు కావాలె. వారానికోపారి గంట వాయిస్తె అయ్యే పని కాదు. ఇంట్ల పెట్టె ఉండాలె."

నేను ఒక్కసారే కొనగలను. తప్పుడుది కొంటే రెండోది కొనే తాహతు లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే నాతో పాటు ఖమ్మం బస్సెక్కారు.

పియానో కొనాలనుకునేవాళ్లకు ఆ రోజు జరిగింది పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. షాపతను మాకు ముందుగా ఒక కీబోర్డు చూపించాడు. నల్లగా నిగనిగలాడుతోంది. నూరు రకాల సౌండ్లు. సన్నాయి, తబలా, వయొలిన్, వాన చప్పుడు కూడా ఉంది. సెల్లులేస్తే కరెంటు లేకున్నా పనిచేస్తుందన్నాడు. మా దిక్కు కరెంటు సంగతి తెలిసినవాడికి అది చిన్న మాట కాదు. నేను అక్కడికక్కడే పడిపోయాను.

"టీచరమ్మా, గిదే తీస్కుందం."

"స్విచ్ ఆపయ్యా" అన్నారామె షాపతనితో.

"ఆపితే ఏం వినబడుతదమ్మా?"

"వినబడొద్దనే ఆపమంటున్న. వాడు వాయిద్యం కొననొచ్చిండు. వాన చప్పుడు మా ఇంటి రేకుల మీద ఉత్తగనే వస్తది."

స్విచ్ ఆపాడు. నన్ను ఒక్కో మెట్టూ నొక్కమన్నారు. చప్పుడు లేకపోతే వేలు వేరే విషయాలు చెప్తుందని నాకు అప్పుడే తెలిసింది. మెట్లు సన్నం, నా వేళ్లు రెండు మెట్ల మీద పడుతున్నాయి. నొక్కితే ప్లాస్టిక్కు టక్కుమని అడుగుకు తగులుతోంది. పక్కకు కదిలిస్తే ఊగుతున్నాయి. అరిగిన బేరింగు అలాగే ఊగుతుంది.

"ట్రాక్టరు కొననొస్తే హారన్ కొట్టి చూస్తవా, స్టీరింగ్ తిప్పి చూస్తవా?" అని అడిగారు.

మూలలో దుప్పటి కప్పిన ఒక పెద్ద పెట్టె ఆమె కంటబడింది. డిజిటల్ పియానో. హైదరాబాదులో ఏదో బడివాళ్లు మార్చుకుంటే వచ్చిందట. ఎనభై ఎనిమిది మెట్లు, సౌండ్లు నాలుగే. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవదు. సెల్లులతో నడవదు. ఎవరూ కొనట్లేదని షాపతను తనే ఒప్పుకున్నాడు.

దాన్ని కూడా స్విచ్ ఆపే నొక్కాను. మెట్టు బరువుగా దిగి, మెత్తగా ఆగి, వేలిని వెనక్కి తోసింది. పక్కకు కదల్లేదు. తర్వాత స్విచ్ వేయించి, నాకు బాగా వచ్చిన కీర్తన వాయించమన్నారు.

దరిద్రంగా వచ్చింది. ఒక స్వరం పిడుగులా పడుతోంది, పక్కది వినిపించనే లేదు. బొటనవేలు పడ్డచోటల్లా గుద్దినట్టు మోగుతోంది. ఆరేళ్లు నేర్చుకున్న కీర్తన అది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది ఖరాబు పీసు. ఒక్కో మెట్టు ఒక్కో తీరుగ మోగుతాంది. స్క్రూడ్రైవర్ ఇయ్యి, నేనే చూస్త" అని అరిచాను.

షాపతను నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "స్క్రూడ్రైవర్ ఇస్త గని, కింద గా కాళ్లేందన్నా? సైకిల్ తొక్కుతున్నవా?"

చూసుకుంటే నా కాళ్లు రెండూ లేని పెడళ్లను తొక్కుతున్నాయి. ఆర్గన్ అలవాటు.

టీచరమ్మ నవ్వలేదు. నన్ను లేపి తను కూర్చున్నారు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఆమె నేర్చుకుంది పియానో మీదేనని నాకు ఆ రోజే తెలిసింది. వాచిన వేళ్లతో, పనిచేయని చిటికెన వేలు పైకి లేపి, అదే కీర్తన నాలుగు చరణాలు వాయించారు. మొదటిది మామూలుగా, రెండోది తగ్గించి, మూడోది ఇంకా తగ్గించి. నాలుగోదానికి షాపు ముందున్న రోడ్డు చప్పుడు కూడా మాకు అడ్డమనిపించింది. ఒక్క స్వరం కూడా ఎగుడుదిగుడు లేదు.

"మిషన్ మంచిగనే ఉన్నది బిడ్డా. ఆర్గన్ల నువ్వు మెట్టును ముట్టుకున్నా, గుద్దినా ఒక్కతీరే మోగుతది. చప్పుడు పెంచేది తగ్గించేది కాళ్లు, వేళ్లు కాదు. నీ వేళ్ల తప్పులు ఆరేండ్లు అది కడుపుల దాచుకుంది. గిది దాచదు. గంతే తేడా."

"మరి ఆరేండ్లు నేర్చుకున్నదేంది?"

"యాడ నొక్కాల్నో నేర్చుకున్నవ్. ఎట్ల నొక్కాల్నో ఇప్పుడు సురువు జేస్తవ్. లేకుంటే గా వాన చప్పుడుది కొనుక్కో. అది గూడ నీ తప్పులు దాస్తది. నీ ఇష్టం."

చెప్పాల్సింది చెప్పి బయటికెళ్లి షాపు అరుగు మీద కూర్చున్నారు. నేను ఆ పెద్ద పెట్టె కొన్నాను. ఇప్పుడు జ్ఞానోదయం అయిందని రాసుకోవచ్చు గానీ, నిజం అది కాదు. ఒక పెట్టె నా తప్పు చూపించిందని పారిపోవడం నాకు చేతకాలేదు. కోపంతోనే కొన్నాను. కోపంతో కొన్నవాటిలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

రెండు బొంతలు చుట్టి బస్సు పైకెక్కించాం. కండక్టరు కిందనుంచి అడిగాడు.

"ఏందన్న అది? మంచమా?"

"పియానో."

"నాకు మంచమే తెలుసు. మంచం చార్జీ ఇయ్యి."

ఇంటికొచ్చాక ఆమె మళ్లీ వచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి ఎత్తును దారంతో కొలిచారు. ఆ దారం కొలతకు మెట్లు సమంగా వచ్చేటట్టు ఇనుప స్టాండు నేనే వెల్డింగు చేశాను. స్టెబిలైజరు లేకుండా ప్లగ్గు పెట్టొద్దన్నారు. కరెంటు పోయినప్పుడు ఊరికే కూర్చోవద్దన్నారు. చప్పుడు లేని మెట్ల మీదే వేళ్లు ఆడించమన్నారు. పక్కింటివాళ్లు వాకిట్లోంచి చూసి, నాకు పిచ్చి పట్టిందని మా అక్కకు చెప్పారు.

ఆ అక్కకు అప్పుడు నాలుగు నెలల పాప. టీచరమ్మ పెట్టిన అసలు పరీక్ష అదే. మధ్యాహ్నం పాప పక్కన ఉయ్యాల్లో పడుకుని ఉండాలి. హెడ్‌ఫోను పెట్టుకోకూడదు, సౌండు తగ్గించకూడదు. వేళ్లతోనే తగ్గించి కీర్తన మొత్తం వాయించాలి. పాప లేస్తే ఆ రోజుకు ఓడిపోయినట్టు. మొదటి నెల రోజూ ఓడిపోయాను. అక్క గరిటె పట్టుకుని వచ్చేది.

"నీ పియానో పాడుగాను! గిప్పుడే గద పండబెట్టిన!"

"టీచరమ్మ చెప్పిందక్కా."

"ఆమెనే వచ్చి ఊపమను ఉయ్యాల!"

టీచరమ్మ నిజంగానే వచ్చారు. ఉయ్యాల ఊపుతూనే నన్ను వాయించమనేవారు.

పాప నడిచే నాటికి నా వేళ్లు మాట వినడం మొదలుపెట్టాయి. చర్చిలో వాయిస్తానని సంఘం పెద్దను అడిగాను. "గంత పెద్ద పెట్టెల తబలా గూడ లేదాయె. సప్పగుంటదిరా" అన్నాడాయన. అడిగిన ప్రతిసారీ అదే మాట. నేను గొడవ పడ్డాను, టీచరమ్మ పడలేదు. "నువ్వు తయారయితున్నవా లేదా? గది చెప్పు ముందు" అనేవారు. నా వాయింపు ఆదివారం ఆరాధనలో వినకుండానే ఆమె పోయారు. దానికి నేను ఆ పెద్దమనిషిని క్షమించలేదు. ఇప్పుడప్పుడే క్షమించే ఉద్దేశం కూడా లేదు.

బుధవారం పొద్దున ట్రాక్టరు ట్రాలీలో బొంతలు పరిచి పియానో తీసుకెళ్లాను. చర్చి నిండిపోయింది, కిటికీల బయట కూడా మనుషులే. వెనక వరుసల్లో, ప్రతి ఆదివారం లాగే, అడవి ఊళ్ల నుంచి నడిచొచ్చిన కోయ ఆడవాళ్లు కింద కూర్చున్నారు. చిన్నప్పుడు ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాళ్లు. శవపెట్టె ముందు ఉంది. ఆమె వైపు చూస్తే వాయించలేనని చూడలేదు.

కీర్తన ఎత్తుకున్నాను. జనం అలవాటు ప్రకారం గొంతులు చించుకుని పాడుతున్నారు. సంఘం పెద్ద వంగి నా చెవిలో అన్నాడు, "సౌండ్ పెంచురా, ఎన్కకు వినిపిస్తలేదు."

నేను పెంచలేదు. రెండో చరణానికి వేళ్లు ఇంకొంచెం తేలిక చేశాను. ముందు వరుసవాళ్లకు నా స్వరం అందలేదు. అందుకోవడానికి వాళ్లు గొంతు తగ్గించారు. వాళ్లను చూసి వాళ్ల వెనకవాళ్లు తగ్గించారు. మూడో చరణానికి చర్చిలో ఫ్యాను తిరిగే చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు వెనకనుంచి ఇంకో పాట వచ్చింది. రాగం ఇదే, మాటలు వేరు. ఆ ఆడవాళ్లు కోయ భాషలో పాడుతున్నారు. ఎన్నో ఏళ్లుగా అక్కడే వెనక కూర్చుని అలాగే పాడుతున్నారేమో. మా అరుపుల్లో నాకు ఒక్కసారీ వినిపించలేదు. తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. సంఘం పెద్ద కూడా తిరిగాడు. మేము పాడేది ఎప్పుడు ఆపేశామో తెలియదు. వాళ్లు కళ్లు మూసుకుని ఆఖరి మాటను మాకన్నా చాలాసేపు సాగదీశారు. అది అయిపోయేదాకా నేను మెట్ల మీంచి వేళ్లు తీయలేదు.